పొలంలో సెన్సర్లకు క్లస్టర్ కట్టాలా, వద్దా? కడితే ఏ పద్ధతిలో?

మా మావయ్య జీడితోట ఒడిశాలోని పర్లాకిమిడి దాటాక, మహేంద్రతనయ నది అవతలి కొండవాలులో ఉంది. మూడేళ్ల కిందట అందులో కొత్తగా అంటుమొక్కలు వేశాడు. కొండ ఊటనీళ్లు ఒక తొట్టెలో పట్టి, వేసవిలో ఆ మొక్కలకు వంతులవారీగా పెట్టాలి. తొట్టె చిన్నది, వాలు పెద్దది. ఏ వైపు నేల ముందు ఆరిపోతోందో తెలిస్తే నీళ్లు అటు తిప్పుకోవచ్చని ఆయన ఆలోచన. నేను పన్నెండు చోట్ల నేల తేమ సెన్సర్లు పాతాను. ఒక్కోదానికి ఒక ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు), ఒక 18650 లిథియం సెల్లు. సెన్సర్లు గుంపు (క్లస్టర్) కట్టి, వాటిలో ఒకటి హెడ్‌గా అందరి తరఫునా మాట్లాడే పద్ధతులున్నాయి. కాలేజీలో నేర్చుకున్న లీచ్ అలాంటిదే. అది గుర్తుంది కాబట్టి దాన్నే కొంచెం మార్చి పెట్టాను. రోజుకొక నోడ్, అంటే సెన్సరున్న ఒక బోర్డు, హెడ్ అవుతుంది. మిగతా పదకొండూ తమ రీడింగ్ దానికి చెబుతాయి. అది అన్నీ కలిపి తోటలోని పాక మీదున్న గేట్‌వేకు, అంటే రీడింగులన్నీ చివరికి అందుకునే పెట్టెకు, పంపుతుంది.

ఐదో రోజు నుంచి ఏ హెడ్డూ తన రోజు పూర్తి చేయలేకపోయింది. పన్నెండు రోజులు గడిచేసరికి తోటంతా మూగపోయింది. "ఏటి నాయనా, ఒక్కటీ పలకట్లేదు" అని మావయ్య ఫోన్ చేశాడు. మొక్కలకు నీళ్లు అత్యవసరమైన రోజులవి. ఆయన మళ్లీ పాతపద్ధతిలో, వేలితో మట్టి తవ్వి చూసుకుంటూ తోటంతా తిరిగాడు. ఆ బాధ నాకు చాలాకాలం ఉండిపోయింది.

మొన్న గుణుపురంలో ఎంటెక్ చదువుతున్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అన్నయ్యా, ప్రాజెక్టుకి లీచ్ తీసుకోనా, హీడ్ తీసుకోనా? ఏది బెస్టు?" అని అడిగాడు. హీడ్ కూడా ఒక క్లస్టర్ పద్ధతే. ముందు నీ నోడ్‌లో బ్యాటరీ దేనికి ఖర్చవుతుందో చెప్పు, తర్వాత పేర్లు మాట్లాడుకుందాం అన్నాను. ఆ రాత్రి వాడికి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మన వైపు పిల్లలకు బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఇలాంటి లెక్క ఒక్కసారి ఇంటి భాషలో అర్థమైతే మళ్లీ మరిచిపోరు.

ముందు బ్యాటరీ లెక్క

క్లస్టరింగ్ అనే ఆలోచన పుట్టిందే దూరం వల్ల. వెండీ హైంజెల్‌మన్, అనంత చంద్రకాసన్, హరి బాలకృష్ణన్ 2000లో లీచ్‌ను ప్రకటించారు. 2002లో దాన్ని ఇంకా విస్తరించి రాశారు. ఇప్పటికీ చాలా ప్రాజెక్టులు ఆ 2002 నాటి రేడియో లెక్కనే వాడతాయి. దాని ప్రకారం ఒక బిట్టు పంపడానికైనా, అందుకోవడానికైనా సర్క్యూట్ ఖర్చు 50 నానోజౌల్స్. పంపేటప్పుడు దీనిమీద యాంప్లిఫయర్ ఖర్చు అదనం. దగ్గర దూరాల్లో ఆ అదనం దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సుమారు 87 మీటర్లు దాటితే నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది.

ఒక ఉదాహరణ వేసి చూడండి. 4000 బిట్ల ప్యాకెట్‌ను 50 మీటర్లకు పంపితే సుమారు 0.3 మిల్లీజౌల్ ఖర్చు. అదే ప్యాకెట్‌ను 200 మీటర్లకు పంపితే 8.5 మిల్లీజౌల్స్. దూరం నాలుగింతలైతే ఖర్చు ఇరవై ఎనిమిదింతలైంది. అందుకే పక్కపక్కనున్న నోడ్‌లన్నీ తమలో ఒకదాన్ని హెడ్‌గా పెట్టుకుని, దూరప్రయాణం దానికి అప్పగిస్తే మిగతావాటికి మేలు. ఆ భారం ఒకదానిమీదే ఉండిపోకుండా వంతులు వేసుకుంటే అందరికీ మేలు. లీచ్ సారమంతా ఇంతే. నిజంగా అందమైన ఆలోచన.

అయితే ఈ లెక్క మోసుకొచ్చేది పంపే ఖర్చు, అందుకునే ఖర్చు మాత్రమే. మన తోటను ముంచింది మూడో ఖర్చు: ఎవరూ మాట్లాడకపోయినా చెవులొగ్గి ఎదురుచూసే ఖర్చు. రేడియో ఆన్ చేసి ఊరికే వింటూ ఉంటే, అందుకున్నప్పుడు ఎంత కరెంటు తాగుతుందో దాదాపు అంతా తాగుతుంది. సెన్సర్ నెట్‌వర్క్ ప్రయోగాల్లో బాగా వాడిన సీసీ2420 రేడియో చిప్ చూడండి. పూర్తి బలంతో పంపేటప్పుడు 17.4 మిల్లీఆంప్‌లు, వినేటప్పుడు 18.8 మిల్లీఆంప్‌లు. పంపడం కంటే వినడానికే ఎక్కువ. ఆ చిప్ వేగం సెకనుకు 250 కిలోబిట్లు కాబట్టి 4000 బిట్లు 16 మిల్లీసెకన్లలో వెళ్లిపోతాయి, ఖర్చు ఒక మిల్లీజౌల్ లోపే. ఒక్క సెకను ఊరికే వింటే 62 మిల్లీజౌల్స్. అంటే ఒక సెకను ఎదురుచూసిన ఖర్చుతో అరవైకి పైగా ప్యాకెట్లు పంపుకోవచ్చు.

రోజంతా వింటే? సుమారు 5,350 జౌల్స్. నిజంగా 2600 మిల్లీఆంప్ అవర్ ఉన్న 18650 సెల్లులో మొత్తం 34,600 జౌల్స్ వరకు ఉంటాయి. ఆరున్నర రోజుల్లో ఖాళీ. ఇది పొదుపైన చిప్ సంగతి. నేను వాడిన ఈఎస్‌పీ32 వైఫై రేడియో వినడానికే 100 మిల్లీఆంప్‌ల దాకా తీసుకుంటుంది. రోజుకు 28,500 జౌల్స్. హెడ్‌గా ఒక్క రోజు ఉంటే సెల్లులో ఐదో వంతు కూడా మిగలదు. హెడ్ కాని రోజుల్లోనూ డెవలప్‌మెంట్ బోర్డు మీది రెగ్యులేటరు, యూఎస్‌బీ చిప్, ఎర్ర లైటు కలిసి, ఈఎస్‌పీ32 నిద్రపోతున్నా కొన్ని మిల్లీఆంప్‌లు లాగుతూనే ఉన్నాయి. ఐదో రోజు నుంచి హెడ్‌లు ఎందుకు కూలిపోయాయో ఈ రెండు అంకెలు కలిపితే తెలిసిపోతుంది. పద్ధతి తప్పు కాదు. ఆ పద్ధతిని ఏ రేడియో మీద, ఏ నిద్ర ఏర్పాటుతో పెట్టాననేది తప్పు.

కాబట్టి ఏ క్లస్టర్ పద్ధతి ఎంచుకున్నా, హెడ్ ఎప్పుడు వింటుంది, ఎప్పుడు నిద్రపోతుంది అన్నది మొదట తేల్చాలి. లీచ్‌లోనూ సభ్యులకు టైమ్ స్లాట్లు ఉంటాయి. సభ్యుడు తన స్లాటులో లేచి, చెప్పి, మళ్లీ పడుకుంటాడు. హెడ్‌కు మాత్రం ఆ సౌకర్యం లేదు. దానికి కూడా నిద్ర ఇవ్వాలంటే అందరి గడియారాలూ కలవాలి. గడియారాన్ని నడిపే మామూలు క్రిస్టల్‌లో పది లక్షలకు 20 వంతుల తేడా ఉంటుంది, అంటే రోజుకు 1.7 సెకన్లు. ఒకటి ముందుకు, ఇంకొకటి వెనక్కి జరిగితే ఆ రెండింటి మధ్య మూడున్నర సెకన్లు. అరగంటకోసారి సమయం సరిచేసుకుంటే ఆ తేడా 72 మిల్లీసెకన్లకు మించదు. ఆ మాత్రం ముందుగా లేచి వింటే సరిపోతుంది. ఈఎస్‌పీ32 లోపల క్రిస్టల్ లేకుండా నడిచే ఆర్‌సీ గడియారం వేడికి ఊగుతుంది, దాన్ని నమ్మి స్లాట్లు పెట్టకండి. డీఎస్3231 గడియారం మాడ్యూల్ తగిలిస్తే మామూలు ఉష్ణోగ్రతల్లో తేడా పది లక్షలకు రెండు వంతులే. హెడ్ వినే సమయాన్ని వందో వంతుకు తగ్గించగలిగితే సీసీ2420 లాంటి చిప్‌తో రోజు ఖర్చు 54 జౌల్స్. అదే సెల్లు ఏడాదిన్నర దాటి వస్తుంది. ఆరున్నర రోజులెక్కడ, ఏడాదిన్నర ఎక్కడ! లీచ్ నుంచి హీడ్‌కు మారితే ఇంత తేడా ఎప్పటికీ రాదు.

అసలు క్లస్టర్ అవసరమా?

మావయ్య తోటలాంటి చోట, అంటే పది నుంచి ఇరవై నోడ్‌లు, అరగంటకో గంటకో ఒక రీడింగ్, కిలోమీటరు లోపు దూరం ఉన్నచోట, నా సలహా స్పష్టంగా ఒకటే. క్లస్టర్ కట్టకండి. తక్కువ కరెంటుతో చిన్న సందేశాలను దూరం చేర్చే లోరా రేడియోతో ప్రతి నోడూ నేరుగా గేట్‌వేకు చెప్పుకునేలా పెట్టండి.

దీనికి ఖర్చు లెక్క ఒక కారణమైతే, లీచ్ స్వభావం రెండోది. లీచ్‌లో హెడ్‌ను ఎవరూ నియమించరు. ప్రతి రౌండులో, అంటే హెడ్‌లు మారే ప్రతి వంతులో, ప్రతి నోడూ తనలో తాను ఒక చీటీ వేసుకుని, అందులో వచ్చిన అంకె ఒక హద్దు కంటే చిన్నదైతే హెడ్‌నని ప్రకటిస్తుంది. వంద నోడ్‌లలో ఐదు శాతం హెడ్‌లు కావాలని పెడితే, మొదటి రౌండులో ఒక్క హెడ్డూ రాకపోయే అవకాశం నూటికి ఒకటి కూడా లేదు. పన్నెండు నోడ్‌లకు పది శాతం పెట్టి చూడండి. పన్నెండూ కాదనే అవకాశం 0.9ని పన్నెండుసార్లు హెచ్చవేస్తే వస్తుంది: 28 శాతం. ఐదు శాతమే పెడితే 54 శాతం. సగానికి పైగా సందర్భాల్లో మొదటి రౌండుకు నాయకుడే ఉండడు. లీచ్‌ను వంద నోడ్‌ల లాంటి పెద్ద గుంపు మీద పరీక్షించారు. పన్నెండుకి ఆ గణితం అతకదు. నేను రోజుకొకటి అని వంతు ముందే రాసిపెట్టింది కూడా ఇందుకే.

లోరా ఖర్చు ఎలా ఉంటుందో చూద్దాం. లోరాలో స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ అని ఒక అంకె ఉంటుంది, అది పెరిగేకొద్దీ సందేశం నెమ్మదిగా వెళ్లినా ఎక్కువ దూరం చేరుతుంది. 20 బైట్ల సందేశం ఫ్యాక్టర్ 7లో పంపితే గాలిలో ఉండేది 57 మిల్లీసెకన్లు. ఫ్యాక్టర్ 12లో అయితే 1.32 సెకన్లు, అంటే 23 రెట్లు. దూరం పెరిగేకొద్దీ, చెట్లు అడ్డం వచ్చేకొద్దీ ఫ్యాక్టర్ పెంచాలి. ఎస్ఎక్స్1276 అనే లోరా చిప్‌ను మధ్యస్థ బలంతో, 29 మిల్లీఆంప్‌ల దగ్గర వాడితే రోజుకు 48 సందేశాలకు ఫ్యాక్టర్ 7లో పావు జౌల్, 12లో ఆరు జౌల్స్. సెల్లులో 34,600 జౌల్స్ ఉన్నాయి కదా. ఇక పంపే ఖర్చు గురించి టెన్షన్ అక్కర్లేదు. నిద్రలో ఎంత లీకవుతోంది, సెన్సర్‌కు ఎంతసేపు కరెంటు ఇస్తున్నారు, ఎండలో డబ్బా ఎంత వేడెక్కుతోంది అనేవే సెల్లు ఆయుష్షును నిర్ణయిస్తాయి. పన్నెండు నోడ్‌లు రోజంతా కలిసి ఫ్యాక్టర్ 7లో మాట్లాడేది 33 సెకన్లు. ఒకరి మాట మీద ఒకరు పడటం చాలా అరుదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య, నిర్ణీత బలానికి లోబడి, లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. 868 అని రాసి ఉన్న మాడ్యూల్ తెచ్చుకుని ప్రోగ్రాములో ఈ పరిధికి పెట్టుకోండి. 915 మాడ్యూల్ చవకగా దొరికినా తేకండి. ఇంకొక లాభం కూడా ఉంది. వానకు తడిసిన జీడాకు వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను బాగా మింగేస్తుంది, 865లో ఆ నష్టం తక్కువ. శ్రావణంలో ఒకసారి తోటలో నిలబడి రెండింటినీ పోల్చి చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. సెల్లుల విషయంలో కూడా కళ్లు తెరిచి ఉండాలి. 9900 అని అచ్చేసిన 18650 సెల్లు అబద్ధం. ఆ సైజులో మంచి సెల్లు మామూలుగా 3500 మిల్లీఆంప్ అవర్ దగ్గరే ఆగుతుంది.

క్లస్టర్ తప్పనిసరైన చోట్లు

అయితే లోరా అన్నిటికీ మందు కాదు. ఒక పత్తి చేనులో అరవై, వంద నోడ్‌లు దగ్గరదగ్గరగా పెట్టాలి, సెకన్లలో మారే కొలతలు పంపాలి, బేస్ స్టేషన్, అంటే గేట్‌వేలాగే రీడింగులన్నీ చివరికి చేరే చోటు, దూరంగా ఊళ్లో ఉంది అనుకోండి. అప్పుడు క్లస్టర్ కావాలి. ఇక్కడ ఒక ప్రశ్న కచ్చితంగా వేసుకోండి: హెడ్ దగ్గర కొలతలను కలిపేయవచ్చా? లీచ్ ఆదాలో పెద్ద భాగం, హెడ్ పది రీడింగులను కలిపి ఒక్క ప్యాకెట్‌గా పంపడంలో ఉంది. గాలి వేడి, తేమ లాంటివి సగటు చేస్తే నష్టం లేదు. నేల తేమ అలా కాదు. ఎగువ మడి ఎండిపోయి దిగువ మడిలో నీరు నిలిచి ఉంటే, సగటు "అంతా బాగుంది" అని చెబుతుంది. రైతుకు అంతకంటే చెడ్డ సమాచారం లేదు. కలపడానికి వీల్లేని కొలతలైతే హెడ్ ప్రతి ఒక్కటీ మోయాలి, ఆదా బాగా తగ్గుతుంది.

కలపవచ్చు, నోడ్‌లు పాతినచోటే ఉంటాయి, బేస్ దగ్గర కరెంటు ఉంది అంటే నేను ముందుగా లీచ్-సీ వైపు మొగ్గుతాను. ఇందులో హెడ్‌లను నోడ్‌లు చీటీ వేసి ఎంచుకోవు. ప్రతి రౌండులో తమ స్థానం, మిగిలిన శక్తి బేస్‌కు చెబుతాయి, అది అందరినీ చూసి హెడ్‌లను నియమిస్తుంది. హెడ్‌లన్నీ ఒకే మూలన గుమిగూడటం, శక్తి అయిపోతున్న నోడ్‌కే మళ్లీ వంతు రావడం అనే లీచ్ లోపాలు రెండూ పోతాయి. ప్రతి రౌండుకూ అందరూ దూరంగా ఉన్న బేస్‌తో మాట్లాడాలి కదా అని పుస్తకాల్లో అభ్యంతరం ఉంటుంది. నోడ్ కట్టి గట్టు మీద పాతిన గుంజ కదలదు. స్థానం ఒక్కసారి రాసుకుంటే చాలు. బ్యాటరీ వోల్టేజీని మామూలు రీడింగుతో పాటే ఒక బైటుగా పంపితే ఆ అదనపు ఖర్చు కూడా ఉండదు. రౌండు పొడవును నిమిషాల్లో కాదు, రోజుల్లో పెట్టండి. పొలానికి అంత తొందర లేదు.

బేస్ అందరినీ చేరలేనంత విశాలమైన చోట, కొండ అడ్డం ఉన్నచోట హీడ్ మంచిది. దీన్ని యూనిస్, ఫహ్మీ 2004లో ప్రచురించారు. నోడ్‌కు మిగిలిన శక్తి ఎంత ఎక్కువైతే హెడ్ అయ్యే అవకాశం అంత ఎక్కువ. ఇద్దరు పోటీకి వస్తే, చుట్టుపక్కల వారికి ఎవరిని చేరుకోవడం చవకో చూస్తుంది. స్థానం తెలియనక్కర్లేదు. హెడ్‌లు నేలంతా చక్కగా పరుచుకుంటాయి. కాని హెడ్ ఎన్నిక తేలేదాకా నోడ్‌లన్నీ పలుమార్లు ప్రకటించుకోవాలి, ఆ ప్రకటనలన్నీ వినాలి. వినడం ఎంత ఖరీదో పైన చూశాం. ఎన్నిక తరచుగా జరిగితే హీడ్ ఆదా చేసినదంతా ఎన్నికే తినేస్తుంది. మా తమ్ముడికి నేను గట్టిగా చెప్పిన మాట ఇది.

హెడ్‌లు ఒకదాని ద్వారా ఒకటి బేస్‌కు పంపే ఏర్పాటులో ఇంకో చిక్కుంది. బేస్ దగ్గరున్న హెడ్ తన గుంపుదే కాక, వెనకున్న అందరి భారమూ మోసి ముందుగా ఆరిపోతుంది. అది పోతే వెనక అందరూ బతికే ఉన్నా గొంతు చేరదు. బేస్ దగ్గర చిన్న క్లస్టర్లు, దూరంగా పెద్దవి కట్టాలని 2005లో వచ్చిన ఈఈయూసీ పద్ధతి చెబుతుంది. మీ నేల పొడుగ్గా, బేస్ ఒక చివర ఉంటే ఈ ఆలోచన తప్పక వాడండి.

గట్టు పొడుగునా, గెడ్డ ఒడ్డునా

నది గట్టు మీద, కాలువ వెంబడి నోడ్‌లు ఒకే వరసలో ఉంటాయి. వంశధార గట్టు అలాంటి చోటే. అక్కడ గుంపులు కట్టడం కంటే గొలుసు సహజం. లిండ్సే, రాఘవేంద్ర 2002లో వివరించిన పెగాసిస్‌లో ప్రతి నోడూ తనకు దగ్గరి పొరుగుకే చెబుతుంది, ఆ పొరుగు దాన్ని తనదానితో కలిపి ముందుకు పంపుతుంది, ఒక్క నాయకుడు మాత్రం బేస్‌కు చేరుస్తుంది. నాయకత్వం వంతులవారీగా మారుతుంది. దూరాలు చిన్నవి కాబట్టి ఖర్చు చాలా తక్కువ. లోపాలు రెండు. మాట చివరిదాకా చేరడానికి ఆలస్యం. మధ్యలో ఒక గుంజను గేదె రాసుకుని పడేస్తే గొలుసు తెగుతుంది. పొరుగు పలకకపోతే దాని అవతలి నోడ్‌ను పిలిచే ఏర్పాటు లేకుండా పెగాసిస్‌ను పొలంలో పెట్టవద్దు.

గెడ్డ, అంటే కొండవాగు, నీటిమట్టం కొలిచే సంగతి పూర్తిగా వేరు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఎంత దెబ్బ తీసిందో ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. కొండ మీద వాన పడితే కింద గెడ్డ గంటల్లో పొంగుతుంది. ఇక్కడ అరగంటకో రీడింగ్ ఏడాదంతా పంపడం వృథా, పొంగేటప్పుడు అరగంట ఆగడం ప్రమాదం. 2001లో మంజేశ్వర్, అగ్రవాల్ చెప్పిన టీన్ పద్ధతి దీనికి సరిగ్గా సరిపోతుంది. సెన్సర్ చూస్తూనే ఉంటుంది కాని, నీరు ఒక హద్దు దాటితేనే మాట్లాడుతుంది. హద్దు దాటాక కూడా, చివరిసారి చెప్పినదానికంటే ఇంత మేర మారితేనే మళ్లీ చెబుతుంది. కరువు కాలంలో నెలల తరబడి రేడియో నిద్రే.

టీన్‌లో ఉన్న అసలు భయం ఆ మౌనం. నీరు పెరగలేదని మౌనంగా ఉందా, బ్యాటరీ చచ్చి మౌనంగా ఉందా? ప్రాణాలకు సంబంధించిన చోట ఈ అనుమానం ఉండకూడదు. ఆ తర్వాత వచ్చిన ఏపీటీన్ నిర్ణీత వ్యవధికి ఒకసారి తప్పనిసరిగా పలికే నియమం చేర్చింది. వరద హెచ్చరికకు మామూలు టీన్‌ను ఒంటరిగా ఎప్పుడూ పెట్టకండి. ఆరు గంటలకోసారి "ఉన్నాను" అనే మాట, వానాకాలంలో గంటకోసారి, తప్పక పెట్టండి. రెండు "ఉన్నాను"లు తప్పితే మనిషి వెళ్లి చూడాలి. తిత్లీ తర్వాత ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, గేట్‌వేకు కూడా బ్యాటరీ ఉండాలి.

కొన్నింటికి సోలార్ ఉంటే

డబ్బు సరిపోక అందరికీ సోలార్ పెట్టలేరు, కొన్నింటికే పెడతారు. అప్పుడు పిల్లలు వెంటనే సెప్ వైపు వెళతారు. 2004లో వచ్చిన ఈ పద్ధతిలో ఎక్కువ శక్తి ఉన్న నోడ్‌లకు హెడ్ అయ్యే వంతు ఎక్కువ. నూటికి ఇరవై నోడ్‌లకు రెట్టింపు శక్తి ఉందనుకోండి. సగటున పది శాతం హెడ్‌లు కావాలంటే మామూలు నోడ్‌కు 8.3 శాతం, బలమైన నోడ్‌కు 16.7 శాతం అవకాశం. మొదటి నోడ్ చనిపోయేదాకా గడిచే కాలాన్ని పొడిగించడమే దీని ఉద్దేశం. డీక్ అనే ఇంకో పద్ధతి ఇంకొంచెం ముందుకెళ్లి, మిగిలిన శక్తిని సగటుతో పోల్చి వంతు మారుస్తుంది.

ఈ రెండూ మొదట ఇచ్చిన శక్తి తరుగుతూ పోతుందనే లెక్క మీద నడుస్తాయి. సోలార్ రోజూ తిరిగి నింపుతుంది. ఒక వాట్ ప్యానెల్ నాలుగు గంటల మంచి ఎండలో 14,400 జౌల్స్ ఇస్తుంది, ఛార్జింగ్‌లో కొంత పోయినా నిరంతరం వినే సీసీ2420 హెడ్‌కు అది సరిపోతుంది. అలాంటప్పుడు చీటీలెందుకు? సోలార్ ఉన్నవాటినే శాశ్వత హెడ్‌లుగా పెట్టేయండి. మిగతావన్నీ హాయిగా నిద్రపోతాయి. ఎన్నిక లేదు, ప్రకటనలు లేవు, ప్రోగ్రాము చాలా చిన్నదవుతుంది. తప్పు వెతకడం కూడా తేలిక. ప్యానెల్‌పై జీడి నీడ పడకూడదు, ముసురు పట్టిన ఐదారు రోజులు గడవడానికి రెండు సెల్లులు ఉండాలి. ఒక శాశ్వత హెడ్ పోతే సభ్యులు పక్క హెడ్‌కు మారేలా రెండో పేరు ముందే రాసిపెట్టాలి. పొలంలో నేను చూసినంతలో ఇంత నిలకడైన ఏర్పాటు ఇంకొకటి లేదు.

ప్రాజెక్టు రాసే పిల్లలకు

ఈ పద్ధతులను కంప్యూటర్‌లో నడిపి పోల్చడానికి చేతులు మారుతూ వచ్చే మ్యాట్‌ల్యాబ్ కోడ్‌లు నేను చాలా చూశాను. వాటిలో నోడ్‌కు మొదట ఇచ్చే శక్తి తరచుగా అర జౌల్. మన సెల్లులో 34,600. గ్రాఫు త్వరగా కిందికి రావాలని అలా పెడతారు, అది తప్పు కాదు. కాని ఆ గ్రాఫులో ఊరికే వినే ఖర్చు, నిద్రలో లీకు, ఎన్నిక సందేశాల ఖర్చు ఉన్నాయో లేదో చూడండి. నేను చూసినవాటిలో మొదటి రెండూ లేవు. అవి కలపగానే రెండు పద్ధతుల మధ్య కనిపించిన పెద్ద తేడా చాలాసార్లు కరిగిపోతుంది. మీ ప్రాజెక్టులో ఆ ఖర్చులు కలిపి మళ్లీ గీసి చూపించండి. నా దృష్టిలో కొత్త పేరు పెట్టి ఇంకొక పద్ధతి తయారుచేయడం కంటే అది విలువైన పని.

ఇంకొకటి, ఏ మరణాన్ని లెక్కిస్తున్నారో స్పష్టంగా రాయండి. మొదటి నోడ్ పోయేదాకా, సగం పోయేదాకా, చివరిది పోయేదాకా అని మూడు కొలతలున్నాయి. గెడ్డ హెచ్చరికకు మొదటిది పోవడమే ప్రమాదం. పత్తి చేనులో వేడి కొలిచేటప్పుడు నాలుగైదు పోయినా నడుస్తుంది. చివరి నోడ్ ఎప్పుడు పోయిందో నా ఎరుకలో ఏ రైతుకూ అక్కరకు రాలేదు. ఒక్కటే మిగిలిన నోడ్ ఏం చెబుతుంది?

మా తమ్ముడికి కాలేజీ పక్కన ఒక చేను ఇచ్చారు, అరవై నోడ్‌లు. గాలి వేడి, తేమ కొలవాలి కాబట్టి కలపవచ్చు. చివరికి నాలుగు సోలార్ గుంజలను శాశ్వత హెడ్‌లుగా పెట్టి, పోలిక కోసం అదే చేనులో నెల రోజులు లీచ్-సీ నడపాలని నిర్ణయించుకున్నాడు. ఏ బోర్డు కొన్నా ముందు మల్టీమీటర్ సిరీస్‌లో పెట్టి నిద్రలో ఎంత కరెంటు లాగుతోందో చూడమన్నాను. నిన్న ఫోటో పంపాడు, మీటరు మీద 6.8 మిల్లీఆంప్‌లు. ఎర్ర లైటు పీకేసి, రెగ్యులేటరు మార్చి, మళ్లీ చూసి పంపమన్నాను. మావయ్య తోటలో ఇప్పుడు పన్నెండూ లోరా మీదే ఉన్నాయి. ఈ వేసవిలో తొట్టె నీళ్లు తూర్పు వాలుకు ముందు తిప్పాలని మార్చి రెండో వారంలోనే అవి చెప్పాయి.